వాసన తెలియని కట్టెలు

చంద్రికా,

పొయ్యిలో కట్టెలు పేర్చాను. సృజన్‌ని ఆసుపత్రి నుంచి తీసుకురాగానే అంటించు. తలుపు పక్కనున్న ఫిష్టె అనే మెత్తకట్టెలే వెయ్యి. అవి రెండు వేసవులు ఎండాయి. మెత్తకట్టె గబగబా కాలిపోతుంది, అరగంటకోసారి రెండేసి వెయ్యాలి. గోడ వారనున్న కీఫర్, అదే పైన్ కట్టె, ఈమధ్య మనం అడవిలో ఏరుకొచ్చింది. జిగురింకా ఆరలేదు, పొగ చిమ్ముతుంది. వాడి ఊపిరితిత్తులు ఆ పొగకు తట్టుకోలేవు.

కొన్ని కలిసిపోయాయి. నేనెప్పుడూ వాసన చూసి వేరు చేస్తాను. "అత్తయ్యా, అదేమన్నా చారా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి?" అని నవ్వేదానివి. ఈ ఉదయం ఏ కట్టెకూ వాసన లేదు. కీఫర్ జిగురు గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియలేదు. కరోనా టెస్ట్ చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి.

వీధి చివర ఓనరమ్మ ఖాళీ గదికి వెళుతున్నాను. కలిసిన కట్టెల్ని నువ్వే వాసన చూసి వేరు చెయ్యి. నా దుప్పట్లు సంచిలో కట్టేశాను. కిటికీలు గంటసేపు తెరిచి ఉంచాను, ఇల్లు చల్లగా ఉంటుంది. నువ్వీ నాలుగు రోజులు వాడి ఆసుపత్రి ఉన్న హానోవర్‌లోనే ఉండిపోవడం మంచిదైంది. అయినా టెస్ట్ చేసుకో.

ఇరవై రెండు రోజులుగా నా కొడుకు ముఖం చూడలేదు. నా గురించి అడిగితే అబద్ధం చెప్పకు. కాకపోతే వాడు అన్నం తిన్నాక చెప్పు.

తప్పులుంటే నన్ననకు, నువ్వు నేర్పిన అక్షరాలే.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. కారులో వాడు నీ పక్కనే ఉంటాడు. నా దగ్గు వింటాడు.