తులసికోట చుట్టూ రైలు

12-11-61, ఆదివారం

నందిగామకి రైలు రాలేదుగానీ మా పెరట్లోకి వచ్చింది. పాత పీపాల ఇనప బద్దలు సాపుచేసి పట్టాలు వేశాను. జగ్గయ్యపేటలో గడియారాలు బాగుచేసే ఖాదర్ వలి గోడగడియారం స్ప్రింగుతో ఇంజన్ చేసిచ్చాడు. కీ ఇస్తే చాలు, తులసికోట చుట్టూ తిరిగొస్తుంది.

ఇవాళ అమ్మ అడ్డం తిరిగింది. చెల్లెలు రత్నమణి పురిటికి వచ్చి ఉంది. రెండేళ్ళ కిందట పుట్టిన బిడ్డ దక్కలేదు. ఈసారన్నా తల్లీబిడ్డా క్షేమంగా బయటపడాలని అమ్మ కార్తీకమంతా కోట చుట్టూ ప్రదక్షిణలు మొక్కుకుంది. నా రైలేమో అప్రదక్షిణంగా పోతోందట. తను చుట్టుకున్న పుణ్యమంతా అది వెనక్కి తిరిగి విప్పేస్తోందట.

నేను నవ్వాను. రత్నమణి నవ్వలేదు.

13-11-61

బుద్ధెరిగాక ఏ గుళ్ళోనూ అప్రదక్షిణంగా తిరిగినవాణ్ణి కాను. పట్టాలు వేసేటప్పుడు ఆ ధ్యాసే లేకపోయింది!

ఇంజన్ని తిప్పిపెట్టి చూశాను. బావి దగ్గర ఎత్తు ఎక్కలేక చతికిలబడింది. అదే చోట ఇన్నాళ్ళూ జామ్మని దిగేది. మరి ఎంత వాలైతే ఎక్కుతుంది? ఓ చెక్కపలక మీద ఇంజన్ని ఎక్కించి చూస్తూ, పలక కింద ఇటుక ముక్కలు పేరుస్తూ కూర్చుని స్కూలుకి లేటయ్యాను. లెక్కల మాస్టరే టైముకి రాకపోతే ఎలాగండీ అన్నారు హెడ్మాస్టరు గారు.

14-11-61

అమ్మ ప్రదక్షిణలు మానేసింది. రైలు పీకేదాకా తిరిగినా దండగేనంది. పీకనన్నాను. నాకు భయంగా కూడా ఉంది.

16-11-61

బావి పక్క ముక్క మొత్తం ఊడదీశాను. లైను పొడుగు చేస్తే వాలు తగ్గుతుంది కదా. అరటిపాదు మీదుగా చుట్టు తిప్పి మట్టికట్ట పోశాను. అది కాస్తా స్నానాల నీళ్ళ కాలవకి అడ్డం పడి పెరడంతా చెరువైంది. ఖర్మ!

గూనపెంకులు బోర్లించి కట్ట కిందుగా దారి ఇచ్చాను. రత్నమణి పీట వేసుక్కూర్చుని, ఆ పెంకు ఇటు జరుపు అన్నయ్యా అంటూ ఒకటే అజమాయిషీ.

17-11-61

కొత్త మలుపులో బయటికి పడిపోతోంది. ఎందుకు?

19-11-61

రత్నమణి చెప్పింది, బండి జోరుగా మలుపు తిరిగితే మనం లోపలికి ఒరగమా అని. ఓస్, ఇంతేనా! బయటి పట్టా కాస్త ఎత్తాను. పడలేదు. ఎత్తు ఎక్కింది, పెంకులు దాటింది, కోటని కుడిచేతి పక్కన పెట్టుకుని తిరిగొచ్చింది. గంతేశాను.

అమ్మ గుమ్మంలోంచి చూసి లోపలికెళ్ళిపోయింది. కాసేపటికి కాళ్ళు కడుక్కొచ్చి, రైలు వెనకాలే తిరగడం మొదలెట్టింది. అది చుట్టు తిరిగి తన వెనక్కి వచ్చినప్పుడల్లా పక్కకి తప్పుకుని దారి కూడా ఇస్తోంది.

22-11-61, పగలు

తెల్లారినప్పట్నించీ నొప్పులు. అమ్మ గది వదిలి రాలేదు. తను తిరగలేదు కాబట్టి రైలు ఆపొద్దురా అని లోపల్నించే కేకేసింది. కీ ఇస్తూనే ఉన్నాను. అది కోట వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఈ ముక్కలు రాస్తున్నాను.

ఏడుపు వినపడింది! ఇక ఆపనా అని అడిగాను.

బిడ్డ వెనకాల మాయ కూడా పడాలి, ఆపకురా అంది అమ్మ.