స్వెట్టర్‌లో ఐసుముక్క

మామయ్యగారూ,

మీ మనవరాలు బడి నుంచి రాగానే ముందు పాలు ఇవ్వండి. ఆ తర్వాతే సైన్సు హోంవర్కు. ఫ్రీజర్‌లో ట్రే పెట్టాను. ఒక ఐసుముక్క ఉత్తదే పళ్లెంలో పెట్టాలి, ఇంకోదాన్ని పిల్ల పాత స్వెట్టర్‌లో చుట్టి పక్కన పెట్టాలి. ఏది ముందు కరుగుతుందో గడియారం చూసి అదే రాసుకుంటుంది. ఊరికే విప్పి చూస్తానంటుంది, పది నిమిషాలకోసారి చాలని చెప్పండి.

స్వెట్టర్‌లోదే ముందు కరుగుతుందని పొద్దున్నే పుస్తకంలో రాసి పెట్టుకుంది. "స్వెట్టర్ వెచ్చగా ఉంటుంది కదమ్మా" అంది. మీకు జవాబు తెలిసే ఉంటుంది. దయచేసి ఈ ఒక్క సాయంత్రం చెప్పకండి.

పోయిన వారం మునిగేవి, తేలేవి పేజీలో అది రాసుకున్న ఊహ చెరిపేసి, మీ గుండ్రటి అక్షరాలతో సరైన జవాబు రాశారు. ముప్పయ్యేళ్లు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు, నాకూ తెలుసు. కానీ టీచరు పంపిన కాగితంలో మూడో తరగతి పిల్లలు నేర్చుకోవాల్సింది ఇంతే ఉంది: ముందు ఊహించడం, తర్వాత కళ్లారా చూడటం, చూసింది రాయడం. ఊహ తప్పు కాకూడదని ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి అది పెన్సిల్ పట్టుకుంటే ముందు మీ మొహం చూస్తోంది.

నేను ఏడింటికల్లా వచ్చేస్తాను.

మర్చిపోయాను. దాని ఊహ కింద ఇంకొకరి రాత కూడా ఉంటుంది, "స్వెట్టర్‌లోదే" అని. అది నాది. దాన్నీ దిద్దకండి. ట్రేలో రెండు ముక్కలు నాకోసం ఉంచండి.