వినబడని బెల్లు

ఆదివారం, క్రెయిగీబర్న్

వచ్చే నెల ఫ్రాన్స్‌లో పాత కోటల మధ్య సైకిళ్ల మీద తిరగాలని ప్రతి ఆదివారం ఊరి బయట ప్రాక్టీస్ చేస్తున్నాం. ముందు నేను, వెనక మా ఆయన. నేను తిరిగి చూడక్కర్లేకుండా మధ్యమధ్యలో బెల్లు కొడుతుంటారు.

ఈరోజు పెద్ద మిట్ట ఎక్కాక చాలాసేపు బెల్లు వినబడలేదు. వెనక్కి వెళ్తే, రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నారు. నన్ను చూసి చెయ్యి దించేశారు.

“చైన్ ఊడిందోయ్, ఫిక్స్ చేశా. యూ గో, నీ వెనకే వస్తా.”

నా బాటిల్ అందుకుంటుంటే చూశాను. ఆ వేళ్లకి ఎక్కడా గ్రీజు మరక లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్దామని నోటిదాకా వచ్చింది. వెళ్తే టూర్ వద్దంటారేమోనని మింగేశాను. అసలు ఆ కోటలు చూడాలని ఏడాదిగా ఆయన్ని పోరుతున్నది నేనే.