బుధవారం కూడికకు చెప్పని సంగతి

ఆగస్టు 31, ఆదివారం

నిన్న నందిగామలో స్కాన్. డాక్టరమ్మ స్క్రీను తన వైపు తిప్పుకుంది. తర్వాత హార్ట్‌బీట్ లేదంది. ఇంకోసారి చూడండి మేడమ్ అని మా ఆయన బెన్ని బతిమాలాడు. చూసింది. మూడో నెల దాటకుండానే అయిపోయింది. అడ్మిట్ చేసుకుని క్లీన్ చేశారు.

ఇవాళ మధ్యాహ్నం జగ్గయ్యపేట వచ్చేశాం. మా ఆవిడకు జ్వరమండి, గుడికి రాలేదు అని బెన్ని పాస్టరు గారికి ఫోన్లో చెప్పేశాడు. నేను కాదనలేదు. ఏడుపు రావడం లేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

ఎవరికీ చెప్పొద్దని బెన్నికి గట్టిగా చెప్పాను. పెళ్లైన ఆరేళ్లకు నిలిచిన కడుపు. మా స్త్రీల ప్రార్థన కూడికలో అందరూ నా కోసం శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. షుగర్ ఉండి కూడా సూసన్ ఆంటీ మానలేదు. మొన్నామధ్యే లేచి నిలబడి, దేవుడు నా కడుపు పండించాడని సాక్ష్యం చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మీ ప్రార్థన వృథా అయిందని ఏ నోటితో చెప్పాలి?

సెప్టెంబర్ 3, బుధవారం, రాత్రి

లూర్దమ్మ ఆంటీ ఇంట్లో కూడిక. వెళ్లాను. వెళ్లకపోతే జ్వరం చూడ్డానికి అందరూ మా ఇంటికే దిగిపోతారు.

సూసన్ ఆంటీ ప్రార్థన మొదలుపెడితే కుక్కర్ విజిళ్లన్నీ అయినా ఆమెన్ రాదు. నా పొట్ట మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ కలెక్టరు కావాలని వేడుకుంది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. నాకేమీ అనిపించలేదు. అదే భయంగా ఉంది.

సెప్టెంబర్ 6, శనివారం

బైబిల్ తెరిచాను. మూసేశాను.

సెప్టెంబర్ 10, బుధవారం

ఈ వారం కూడిక వంతు మాది. వాంతులకు మంచిదని మహిమ చింతకాయ పచ్చడి పట్టుకొచ్చింది. పాటలయ్యాక సూసన్ ఆంటీ మళ్లీ చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. బిడ్డ లేదు ఆంటీ, పోయిన బుధవారానికి ముందే పోయింది అన్నాను. నా గొంతు అటెండెన్స్ పిలిచినట్టుంది.

ప్రభువు చిత్తమమ్మా అని మహిమ ఏదో మొదలుపెట్టింది. లూర్దమ్మ ఆంటీ మహిమ మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. తిడతారనుకున్నాను, అబద్ధపు ఆమెన్‌కు. సూసన్ ఆంటీ మాత్రం, ఇన్నాళ్లూ నీకెవరు వండిపెట్టారే అని అడిగింది. బెన్ని హోటల్ నుంచి తెస్తున్నాడన్నాను. చెప్పకపోతే మాకెట్టా తెలుసుద్దే పిచ్చిదానా అని ఆమే ఏడ్చింది. లూర్దమ్మ ఆంటీ, తన పెద్దోడికి ముందు ఒక కడుపు పోయిందని, ఇన్నేళ్లలో ఈ కూడికలో ఎప్పుడూ చెప్పుకోలేదని అంది.

వాక్యం చదవలేదు. ఎవరూ గట్టిగా ప్రార్థించలేదు. నా చుట్టూ కూర్చున్నారు, అంతే. తర్వాత లూర్దమ్మ ఆంటీ మా వంటింట్లోకి వెళ్లి చారు కాచింది. తిన్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

సూసన్ ఆంటీ క్యారేజీ పంపింది. కూరలో ఉప్పెక్కువ. బెన్నీ నేనూ మొత్తం తినేశాం.

సెప్టెంబర్ 17, బుధవారం

మహిమ వాళ్ల చూడిగేదె మేత ముట్టడం లేదట. నా ముందు చెప్పడానికి నసిగింది. ఎవరు ప్రార్థిస్తారని లూర్దమ్మ ఆంటీ అడిగింది. నేను చేస్తానన్నాను.

ప్రభువా, దూడ దక్కాలి అన్నాను. ఆపైన ఏడుపే వచ్చింది. మిగతా ప్రార్థన సూసన్ ఆంటీ అందుకుంది.