ఫిజియో అడిగే మూడు ప్రశ్నలు

అక్టోబరు 12, ఆదివారం
ఆసుపత్రి వరండా, మధ్యాహ్నం రెండున్నర

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. అందుకని నీకు కావలసిన మాట ముందే రాసేస్తాను. నీ కూతురు మెలకువగా ఉంది. మాట్లాడుతోంది. మాట్లాడటమేమిటి, నా మీద విరుచుకుపడింది కూడా. ఆటలో తలకి దెబ్బ తగిలింది. స్కానింగ్ గదిలోకి తీసుకెళ్ళి, నన్ను బయట కూర్చోమన్నారు.

బావకి ఫోన్‌లో అంతా చెప్పాను. మీరు బయల్దేరుతున్నారని, నాలుగు గంటల ప్రయాణమని అన్నాడు. నీకు ఫోన్ ఇమ్మంటే, మీ అక్కకి పొద్దున్నుంచి తలనొప్పి, చెప్పినా దారిలోనే మర్చిపోతుంది, ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు అన్నాడు. నిజమే, ఇరవై ఏళ్ళుగా నీ విషయాలన్నీ కాగితం మీదే కదా నడుస్తున్నాయి. పాలవాడి లెక్క దగ్గర్నుంచి పిల్ల పుట్టినరోజు దాకా ఆ అట్ట నోట్‌బుక్కులో అతికించుకుంటావు. అందుకే రాస్తున్నాను. దొరికినవి ప్రాక్టీసు కాగితాలే, వెనకవైపు బాణం గుర్తులు కనిపిస్తే పట్టించుకోకు.

పోయిన నెల ఉత్తరంలో నువ్వొక ప్రశ్న అడిగావు. మీ వీధిలో బడి హెడ్‌మిస్ట్రెస్ చిన్నపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పమని వెంటపడుతోందని, ఒప్పుకోవాలో వద్దో తెలియడం లేదని, ఆడటం గొప్పా ఆడించడం గొప్పా, రెండూ చేసినదానివి నువ్వే చెప్పవే అని. నెల్లాళ్ళు నాన్చాను. ఇప్పుడు ఈ బల్ల మీద గోళ్ళు కొరుక్కోవడం తప్ప వేరే పని లేదు, అది కూడా అయిపోయింది.

ఆడేటప్పుడు మనకి ఒక్క ఒళ్ళే అక్కా. అది అలిసిపోతే పడుకుంటుంది. ఓడినా సరే, స్నానం చేసి రెండు ముద్దలు తింటే నిద్ర పట్టేసేది నాకు. నువ్వయితే షూ లేసులు కూడా విప్పకుండా పడుకునేదానివి, అమ్మ తిట్టుకుంటూ విప్పేది. ఆడించేటప్పుడు పదకొండు ఒళ్ళు. ఒక్కటీ మనది కాదు. బంతి మన కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చినా తన్నకూడదు, చేత్తో తీసి ఇచ్చెయ్యాలి. మొదటి ఏడాది నాకు ఆ ఒక్క విషయానికే ఏడుపొచ్చేది.

సంతోషం లేదా అంటే, ఉంది. మా కుడివైపు డిఫెండరు ఒకతె ఉంది, బంతి వచ్చేముందు భుజం మీదుగా వెనక్కి చూసుకోవే అని రెండేళ్ళు గొంతు చించుకున్నాను. వినదు. నేను విసిగిపోయి చెప్పడం మానేశాను. ఒక రోజు మ్యాచ్‌లో, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను మెడ తిప్పి చూసుకుంది. వెనకనుంచి వస్తున్నదాన్ని తప్పించి బంతి ఇచ్చేసింది. చప్పట్లు కొట్టిన వాళ్ళెవరూ లేరు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. నేను కొట్టిన గోల్స్‌లో ఏదీ అంతకాలం నాలో నిలవలేదు. అది నీకు జవాబుగా రాద్దామనే అనుకున్నాను, మొన్నటిదాకా.

ఇవాళ సంగతి చెబుతాను.

పొద్దున్న పదిన్నరకి మ్యాచ్. సమం చేసుకున్నా చాలు, పై డివిజన్‌కి వెళ్ళిపోతాం. పెద్ద జట్టుకి పిల్లల్ని ఎంపిక చేసే వాళ్ళు ఇద్దరు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు, వాళ్ళ పుస్తకంలో నీ కూతురి నంబరు కింద గీత పెట్టి ఉందని నాకు ముందే తెలుసు. పిల్లకీ తెలుసు. పొద్దున్నే నా ముందు కూర్చుని, జడ గట్టిగా వెయ్యి పిన్నీ, ఇవాళ ఊడకూడదు అంది. ఇంట్లో పిన్నిని, మైదానంలో కోచ్‌ని. నా దగ్గరుండి ఆడుతున్న ఈ మూడేళ్ళలో గీత దాటి లోపల అడుగుపెట్టాక అది నన్ను ఒక్కసారి కూడా పిన్నీ అనలేదు. అది మా ఒప్పందం.

ఆరు నిమిషాలు మిగిలున్నాయి. చెరొక గోలు. మార్చుకోవడానికి ఉన్న అయిదుగురినీ నేను అప్పటికే వాడేశాను, అది నా తొందరపాటు. వాళ్ళకి కార్నర్ వచ్చింది. పిల్ల మన గోలు ముందుకి వచ్చి తలతో బంతి తీసేసింది. అదే క్షణంలో ఎదుటి జట్టు అమ్మాయి తల దీని చెవి పక్కన తగిలింది. ఆ చప్పుడు గీత బయట ఉన్న నాకు వినిపించింది.

ఫిజియో అమ్మాయి మందుల సంచీతో పరిగెత్తింది. తలకి దెబ్బ తగిలితే, తెలివి సరిగా ఉందో లేదో చూడటానికి అడగాల్సిన మూడు ప్రశ్నలు ఉంటాయి, నీకు తెలుసుగా. ఇది మొదటి సగమా రెండోదా, స్కోరెంత, ఆఖరి గోలు కొట్టిందెవరు. పిల్ల లేచి కూర్చుని మూడింటికీ చెప్పింది. ఫిజియో నా వైపు తిరిగి బొటనవేలు ఎత్తింది. మెట్ల మీద అందరూ చప్పట్లు కొట్టారు.

నాకెందుకో మా గోలీ మీదికి చూపు పోయింది. ఆ పిల్లని అందరం గోడ అంటాం. ఫిజియో వెనక నిలబడి ఉంది, చేతులకి గ్లవ్స్ లేవు. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉండగా గోలీ గ్లవ్స్ ఎందుకు తీస్తుంది?

రిఫరీని అడగకుండానే లోపలికి పరిగెత్తాను. పసుపు కార్డు చూపించాడు, చూపించుకోనీ. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ వేళ్ళతో చూపించలేని ప్రశ్న వేశాను. పొద్దున్న నీకు జడ ఎవరు వేశారు అని.

అమ్మ వేసింది పిన్నీ, అంది.

చెయ్యి పట్టుకుని లేపాను. రానంది. మూడింటికీ సరిగ్గా చెప్పాను కదా కోచ్, నన్నెందుకు తీస్తున్నారు అని గింజుకుంది. అప్పటికి మళ్ళీ కోచ్‌ని అయిపోయాను, దానికి కాస్త తెలివొచ్చిందేమో, లేక భయమొచ్చిందేమో తెలియదు. ఫిజియో కూడా, అన్నీ చెప్పింది మేడమ్, బాగానే ఉంది అంది. నేను ఎవరి మాటా వినలేదు. భుజం పట్టుకుని గీత బయటికి లాక్కొచ్చాను. మా లీగులో తలదెబ్బకని వేరే మినహాయింపేమీ లేదు, పదిమందితో ఆడాలి. ఎనభై తొమ్మిదో నిమిషంలో, పిల్ల ఉండాల్సిన చోటు మీదుగానే బంతి వచ్చి గోలులో పడింది.

ఎంపిక చేసేవాళ్ళు పుస్తకం మూసేసి వెళ్ళిపోయారు. క్లబ్బు కార్యదర్శిగారు నా దగ్గరికొచ్చి, జవాబులు చెప్పిన పిల్లని బయటికి లాగిన కోచ్‌ని నా జీవితంలో చూడలేదు, రేపు ఆఫీసుకి రండి మాట్లాడదాం అన్నారు. మాట్లాడటమంటే ఏమిటో నాకు తెలుసు. మిగతా పిల్లల తల్లిదండ్రులు నా పక్కనుంచి, నన్ను చూడనట్టు నడిచి వెళ్ళారు. అక్క కూతురు కాబట్టి గుండె జారిపోయింది, ఇంకొకరి పిల్లయితే ఆడించేది అని ఒకావిడ వినపడేలాగే అంది.

కారులో పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. మధ్యలో నన్ను తిట్టింది. ఇంక నువ్వు నాకు పిన్నివి కావు, కోచ్‌వీ కావు అంది. ఆ తర్వాత అన్న మాట రాయకుండా ఉండలేను. అమ్మ అయితే నన్ను ఆడనిచ్చేది, అమ్మకి ఫైనల్లో తల తిరుగుతున్నా డాక్టరు అడిగిన మూడింటికీ టకటకా చెప్పేసి ఆడింది, అది ఆడటమంటే, నీకేం తెలుసు అంది. నువ్వు ఎన్నిసార్లు చెప్పావో ఆ కథ దానికి. చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పేదానివి. నిన్న మొన్నటివి పోయినా అది మాత్రం నీకు పొల్లు పోకుండా గుర్తు. నేను కారు ఇంకాస్త వేగంగా పోనిచ్చాను.

గోడ బస్సెక్కి ఇక్కడికొచ్చింది. గేటు దగ్గర నిలబడి ఒకటే ఏడుపు. ఎవరు నేర్పారే ఈ గుర్తులు నీకు అని అడిగాను. మా ముందు ఆడిన అక్కలు నేర్పారు కోచ్, వాళ్ళకి వాళ్ళ ముందు అక్కలు నేర్పారట, ఎప్పట్నుంచో ఉంది, అందరికీ వచ్చు, మీకు తప్ప అంది. దాన్ని తిట్టలేకపోయాను. నీళ్ళు తాగించి ఇంటికి పంపాను.

ఇప్పుడు మూడున్నర. తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఒక నర్సు రెండుసార్లు లోపలికి వెళ్ళి వచ్చింది, రెండుసార్లూ నా మొహం చూడలేదు. భయంగా ఉంది అక్కా. ఓడిపోయామని కాదు, ఉద్యోగం పోతుందని కాదు. లాగడం ఒక్క నిమిషం ఆలస్యం చేశానేమోనని.

నాలుగూ పది. డాక్టరుగారు వచ్చారు. మెదడులో రక్తస్రావం లేదు. మెదడు అదిరింది, పైన వాచింది, అంతే. రెండు రోజులు ఇక్కడే ఉంచుతారు. తర్వాత ఆరు వారాలు విశ్రాంతి, ఆ తర్వాత పరీక్ష చేసి గానీ బంతి ముట్టుకోవడానికి వీల్లేదు. ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే నేను ఇంత నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి కాదమ్మా, సమయానికి తీశారు అన్నారు.

పిల్లని చూడటానికి వెళ్తే అటు తిరిగి పడుకుంది. కోపంగా ఉన్నా సరే, ఉంది. నాకు అది చాలు.

నువ్వు వచ్చేసరికి అది నాలుగో నంబరు మంచం మీద ఉంటుంది. గట్టిగా మాట్లాడొద్దు, లైటు వెయ్యొద్దు. ఏడవాల్సి వస్తే బయటికొచ్చి ఏడువు.

నీ చెయ్యి పట్టుకుని మైదానానికి వచ్చిన,
నీ చెల్లెలు

తా.క. కాగితాలు మడిచి నర్సు చేతికి ఇచ్చేశాను. మళ్ళీ వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను.

పైన ఒక చోట, నాకెందుకో గోలీ మీదికి చూపు పోయింది అని రాశాను. అబద్ధం. ఎవరు పడినా, ఫిజియో వంగగానే నేను పడినదాని మొహం చూడను. ఫిజియో వెనక ఎవరు నిలబడ్డారా అని చూస్తాను. పదేళ్ళుగా ప్రతి మ్యాచ్‌లోనూ అంతే. ఎందుకంటే ఆ ఫైనల్ రోజు నీ ముందు వంగిన డాక్టరు వెనక నిలబడింది నేను.

ముందు రెండు వేళ్ళు చూపించాను, రెండో సగం అని. తర్వాత రెండు, ఒకటి. ఆఖరున నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను, గోలు కొట్టింది నేను అని. నీకు ఏదీ తెలియదక్కా. మూడూ నా చేతిలోంచి చదివావు, అలా చదివిన సంగతి మాత్రం నీకు నిలవలేదు. నువ్వు అడగలేదు, బతిమాలలేదు. నేనే చూపించాను. నువ్వు బయటికెళ్తే నా బంతి అందుకునేవాళ్ళు లేరు, కప్పు పోతుందని. పన్నెండు నిమిషాల తర్వాత నీకు రెండో దెబ్బ తగిలింది. మనం గెలిచాం. పక్కనున్న మన క్లబ్బు ఆడపిల్లలంతా నా వేళ్ళు చూశారు, కప్పు వచ్చింది కాబట్టి అదొక తెలివి అనుకున్నారు. గోడ దాకా వచ్చిన ఆ వరసలో మొదటి అక్కని నేనే.

ఇంకొకటి ఉంది, అది ఇంకా సిగ్గుచేటు. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మీ వంటింట్లో ఇదంతా నీకు చెప్పాను. తలనొప్పి రోజు చెప్పింది నీకు మర్నాటికి నిలవదని తెలుసు. తెలిసే ఆ రోజు చూసుకున్నాను. నువ్వు నా చేతిలోంచి టీ గ్లాసు తీసేసుకుని, నా ఇంట్లోంచి పో అన్నావు. మర్నాడు నువ్వే ఫోన్ చేసి, నిన్న చెప్పకుండా వెళ్ళిపోయావేమే అని అడిగావు. పనుంది అన్నాను. ఫోన్ పెట్టేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పటికీ ఆ ఊపిరి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

నువ్వడిగిన ప్రశ్నకి నా దగ్గరున్నది ఇదే. ఆడినప్పుడు నాకు నువ్వు కనిపించలేదు, నా బంతి అందుకునే కాళ్ళే కనిపించాయి. ఆడిస్తే కనిపిస్తారు, ఒక్కొక్కరూ. గొప్పో కాదో నేను చెప్పలేను. ఆ చిన్నపిల్లలకి మాత్రం నేర్పు, ఒప్పుకో. వాళ్ళు పడితే ఏం అడగాలో నీకంటే తెలిసినవాళ్ళు లేరు.

ఇది నోట్‌బుక్కులో అతికించుకో. పిల్లకి చదివి వినిపించు, అన్నం తినిపిస్తూ చెప్పిన కథ తప్పని తెలియాలి దానికి. నేను గేటు పక్కన బల్ల మీద ఉంటాను. ఇది చదివాక నన్ను మళ్ళీ పొమ్మంటే, ఆ మాట కూడా దీని కిందే నీ చేత్తో రాసుకో అక్కా. లేకపోతే రేపు పొద్దున్న మర్చిపోయి నాకు ఫోన్ చేసేస్తావు.