సాబుగారి జాజ్ రికార్డు

సీతారాండేరా, జంషెడ్‌పూర్,
12-8-1979

చి.ల.సౌ. నూకాలమ్మకు దీవెనలతో రాయునది. ఇక్కడ నేనూ నా సాక్సాఫోనూ కులాసా. టెక్కలిలో మీ అమ్మ విరిగిన కాలు కూడుకుందని, అందరూ బాగున్నారని తలుస్తాను.

తిండి సంగతి అడిగావు. పక్కింటి అసిరమ్మ వదిన పప్పు పంపుతోంది, అన్నం నేనే వండుకుంటున్నాను. క్లబ్బులో ఆఫీసర్లు నన్ను సన్మానించారని పోయిన ఉత్తరంలో రాస్తే, వివరంగా రాయమన్నావు. ఊరంతా చెప్పేశావట కూడా. రాస్తాను.

కంపెనీలో మా ఆఫీసరు బలరామ్ సాబుకి జాజ్ పిచ్చి పట్టింది. కలకత్తా నుంచి ఒక రికార్డు తెచ్చాడు. టెనర్ సాక్సాఫోన్ ఊదే అమెరికా ఆయన, ఆయనతో పియానో, పెద్ద తీగవాద్యం, డ్రమ్ములు, మొత్తం నలుగురే. పెళ్లి బ్యాండులో నేనూ టెనరే ఊదుతాను గనుక, ఒక పామరుణ్ని కూడా కూర్చోబెట్టుకుంటే ముచ్చటగా ఉంటుందని నన్ను క్లబ్బుకి పిలిచారు.

సోఫాల్లో పది జంటలు, గోడవార స్టూలు మీద నేను. టెనర్ అంటే మగవాడి గుండెలోంచి వచ్చే గొంతని సాబు అరగంట ఉపన్యాసమిచ్చి, రికార్డు మీద ముల్లు పెట్టాడు. నూకాలూ, గుండె కాదు గదా, అది ముక్కులోంచి వచ్చింది! నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరగాల్సిన రికార్డుకి ఆ మహానుభావుడు మీట నలభైఐదు మీద పెట్టాడు. టెనర్ గొంతు పిల్లి అరుపైంది. డ్రమ్ములు రేకుల మీద వడగళ్లయ్యాయి. ఒక్కరికి తెలిస్తే ఒట్టు. కళ్లు మూసుకుని తలలాడించారు. ఒకావిడ కన్నీళ్లు కూడా తుడుచుకుంది. "ఆ వేళ్ల వేగం చూడండి!" అని సాబు మురిసిపోయాడు. వేగం మోటారుది.

చివర్లో నావైపు తిరిగి, "కైసా లగా, తవిటయ్యా?" అని ఎలా ఉందో అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. సన్మానం లేదు, ఏమీ లేదు. "బహుత్ బఢియా, సాబ్" అని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. దసరాకి క్లబ్బులో మా బ్యాండు పెట్టిస్తాడని ఆశ. వాళ్లు తెలియక కొట్టారు, నేను తెలిసి కొట్టాను. వాళ్లకంటే నేనే హీనం. సాబు సంతోషించి, విని నేర్చుకోమని రికార్డు నా చేతిలో పెట్టాడు.

బిర్సానగర్‌లో మన బంగార్రాజు ఇంట్లో గ్రామఫోను ఉంది గదా, అక్కడ ముప్పైమూడు మీద పెట్టి విన్నాం. "ఇదేటి బావా, మనిషి పక్కన కూకుని మాటాడినట్టుంది!" అన్నాడు వాడు. నిజమే. ఆయన తొందరపడడు. ఓ ముక్క ఊది ఆగుతాడు. ఆ ఖాళీలో పియానో జవాబిస్తుంది. అది విన్నాకే మళ్లీ ఊపిరి తీస్తాడు. అట్టడుగు స్వరం ఒకటి పట్టాడు, నా పొట్టలో అదిరింది. మూడుసార్లు విన్నాను. ఇరవై ఏళ్లుగా ఈ పెళ్లి ఊరేగింపుల బరాత్‌ల్లో నేను ఊదింది లారీ హారను. మా డ్రమ్ము అప్పన్న ఏం వాయిస్తున్నాడో ఏనాడైనా విన్నానా?

రికార్డు తిరిగివ్వడానికి క్లబ్బుకి వెళ్లి, నేనే మీట ముప్పైమూడుకి తిప్పి సాబుకి వినిపించాను. మొహం చిట్లించి, "మోటర్ ధీమా హో గయా" అని, నెమ్మదించిన మోటారుని మెకానిక్కి చూపించాలన్నాడు.

"మోటారు బాగానే ఉంది సాబ్. ఆవేళ తప్పుగా తిప్పింది మీరు. తెలిసీ చప్పట్లు కొట్టింది నేను."

బరాత్ వాయించేవాడికి ఏం తెలుసని గుమ్మం చూపించాడు. దసరా ప్రోగ్రాం పక్క ఊరు గమ్హరియా బ్యాండుకి పోయింది. ఊళ్లో నీకు తలవంపులు తెచ్చాను, క్షమించు.

నిన్న ప్రాక్టీసులో పల్లవి ఊది ఆగాను. అప్పన్న కూడా ఆపేసి, "ఏటన్నా, ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు.

"బాగానే ఉంది. నువ్వు వాయించు, వింటన్నాను."

కాసేపు నా మొహం చూసి, వాయించాడు. వాడు చాలా బాగా వాయిస్తాడే, నూకాలూ.

ఇట్లు
నీ పెనిమిటి
తవిటయ్య