గోడకెక్కిన చీటీ

డాలీగంజ్,
మంగళవారం.

అమ్మకు,

పద్మిని నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, తమ్ముడు శ్రీనూ, బాలింత గౌతమీ, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది మూడో కాగితం, ముందు రెండూ సగంలో చింపేశాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు ఏనాడైనా స్పీకర్ పెట్టకుండా మాట్లాడావా? నా తెలుగు రాత చూసి నవ్వుకో, కానీ నువ్వొక్కదానివే చదువు.

నీ ఉత్తరంలో అడిగినవి ముందు చెబుతాను. నాన్న వేళకే తింటున్నాడు. కారే రేకు మార్పించాం. నువ్వు దీవికి తిరిగి రావడానికి ఓడ టికెట్టు వచ్చే నెలకి దొరికేలా ఉంది. కనకలక్ష్మి పిన్ని ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. దానికే వస్తున్నాను.

మన పేటలో చేపలు ఎండబెట్టే సిమెంటు గట్టును దూరంగా కొత్త జాగాకి మార్చాలా వద్దా అని మీటింగు పెట్టాం. అందరిచేతా మాట్లాడించడం నా ఉద్యోగం. ట్రైనింగులో పద్ధతులు విడివిడిగా నేర్పారు, నేను వాటిని కలిపేశాను. ముందు అందరూ గుండ్రంగా కూర్చోవాలి, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. సొసైటీ ప్రెసిడెంటు కదా, మన ధనరాజు బాబాయి శంఖం పట్టుకుని మార్చాల్సిందేనని గంటసేపు చెప్పాడు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి శంఖం చేతులు మారిందే గాని ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకని ఆడవాళ్ళను వెనక గదిలో విడిగా కూర్చోబెట్టాను. ఇక్కడి మాట ఈ గది దాటదని చెప్పాను. అప్పుడు చూడాలి, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. రాయడం రానివాళ్ళ మాటలు నేనే చీటీల మీద రాశాను. పిన్ని చెప్పినదీ ఆమె మాటల్లోనే రాశాను: 'అత్త మంచం పట్టి రెండేళ్ళయింది. పూటకి మూడుసార్లు గట్టు మీంచి ఇంటికొచ్చి ఆమెను చూసుకోవాలి. గట్టు దూరమైతే నా పని పోయినట్టే. కన్నతల్లి పనికి మా ఇంటాయన ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదు.'

ఆ తర్వాతి పద్ధతి, చీటీలన్నీ పేర్లు లేకుండా గోడకి అంటించి చదవడం. ఎవరికి ఏ మాట నచ్చితే దాని కింద చింతగింజ పెట్టాలి. మా ఆఫీసు లహరి చీటీలు చదువుతూ పోయింది. పిన్ని చీటీ కూడా చదివేసింది. తల్లి మంచాన ఉన్న ఇల్లు పేటలో ఒక్కటే, పిన్నీ బాబాయిలది. అందరూ బాబాయి వైపు చూశారు. ఆయన కోప్పడలేదు. లేచి, తన గింజ ఆ చీటీ కిందే పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. మిగతా మగవాళ్ళూ అక్కడే పెట్టారు. గట్టు కదలలేదు. మా సర్ "బహుత్ అచ్ఛా, పద్మినీ జీ" అన్నాడు. వచ్చే సోమవారం అబర్డీన్ బజార్ ఆఫీసులో ఈ పద్ధతి కొత్తవాళ్ళకి నేనే నేర్పాలట.

బాబాయి ఆ రోజు నుంచి పిన్ని చేతి అన్నం తినడం లేదు. నేను వెళ్తే పిన్ని లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, "నీకు సెప్పినానే, గోడకి సెప్పమన్నానా?" అంది.

పొరపాటు జరిగిందని అందరితోనూ అంటున్నాను. నీతో అనలేను. అది పొరపాటు కాదమ్మా. చీటీకి జిగురు రాస్తున్నప్పుడే ఎవరిదో అందరికీ తెలిసిపోతుందని నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టేయగలిగేదాన్నే. కానీ అది లేకపోతే బాబాయి మాటే నెగ్గేది. ఆడవాళ్ళు గెలవాలనుకున్నాను, నా మీటింగు గెలవాలని కూడా అనుకున్నాను. రెండింటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేక లేస్తున్నాను, కూర్చుంటున్నాను.

పిన్ని ఎప్పుడైనా ఫోన్ ఎత్తితే నా తరఫున ఏమీ చెప్పకు. ఆమె అత్తగారు ఎలా ఉందో మాత్రం అడుగు. పేటలో ఆడవాళ్ళంతా నన్ను మెచ్చుకుంటున్నారు. పొద్దున్నే గట్టు మీద నెత్తళ్ళ చేపలు పరుస్తున్నారు. పిన్ని ఒక్కతే రావడం లేదు.

ఇట్లు,
నీ దగ్గర తప్ప ఎక్కడా ఒప్పుకోలేని
నీ కూతురు పద్మిని